చదవకుండా పెట్టిన ఓకే

ఆగస్టు నెలలో కృష్ణా డెల్టా చూడాలంటే మనసులో వేరే పని పెట్టుకోకూడదు. నేను పెట్టుకుని వెళ్ళాను. విజయవాడ నుంచి తెనాలి, అక్కడి నుంచి బాపట్ల, చివరికి రేపల్లె. మొత్తం మూడు రోజులు. కాలవలు గట్ల దాకా పారుతున్నాయి, పొలాల్లో నాట్లు పడుతున్నాయి, రైలు కిటికీలోంచి చూస్తే కళ్ళు చల్లబడేంత పచ్చగా ఉంది. నా సంచిలో మాత్రం ఒక విచారణ కాగితం ఉంది.

నేను ఒక పాల కంపెనీలో ప్రాంతీయ మేనేజర్ని. పుట్టింది కర్నూలులో, పని విజయవాడలో. రైతుల దగ్గర పాలు పోయించుకుని, చల్లబరిచి, ట్యాంకరుకి ఎక్కించే కేంద్రాలు నలభై దాకా నా కింద ఉన్నాయి. వాటిలో రేపల్లె దగ్గరి కేంద్రాన్ని తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నది ఎస్తేరు. జూలైలో ఒకరోజు, ట్యాంకరు సాయంత్రం ఏడింటికి కాక నాలుగింటికే వస్తుందని నేను ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. ‘ఓకే మేడమ్’ అని ఆమె జవాబిచ్చింది. తీరా నాలుగింటికి ట్యాంకరు వెళ్ళేసరికి కేంద్రానికి తాళం వేసి ఉంది. డ్రైవరు కాసేపు చూసి వెళ్ళిపోయాడు. పొద్దుటి పాలు ట్యాంకులోనే ఉండిపోయాయి, సాయంత్రం పాలకి చోటు లేక క్యాన్లలోనే విరిగిపోయాయి. రైతులు గొడవ చేశారు.

ఆమెని ఉద్యోగంలో ఉంచాలో తీసెయ్యాలో చూసి చెప్పమని మా జి.ఎం. గారు నన్ను పంపారు. దారిలో తెనాలి, బాపట్ల కేంద్రాలు కూడా చూసి రమ్మన్నారు. నిజం చెప్పొద్దూ, ఇందులో చూడ్డానికేముందని నా ఉద్దేశం. ఓకే అంది, మనిషి లేదు. మెసేజ్ చేరలేదని ఎవరూ అనకుండా పది నిమిషాల్లో జవాబివ్వాలని రూలు పెట్టిందే నేను. ఇవ్వనివాళ్ళ పేర్లు సాయంత్రం గ్రూపులో ఎర్రక్షరాల్లో వేస్తాం. ఆ ఎర్రక్షరాల ఆలోచనకి నాకు మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. బయల్దేరడానికి వారం ముందు మాకు ఒకరోజు మనస్తత్వశాస్త్రం క్లాసు పెట్టారు. మనిషి మనసు ఒక్కసారికి నాలుగైదు సంగతుల్నే పట్టుకోగలదట. అంతకు మించి కుమ్మరిస్తే ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకునే ఓపిక పోయి, చేతికి అలవాటైన పనే చేస్తుందట. ఈ ముక్క చెప్పడానికి క్లాసు చెప్పినాయన రెండొందల స్లైడ్లు చూపించాడు. నేను బుద్ధిగా విని, సర్టిఫికెట్ తీసుకుని, ‘ఇది మా జి.ఎం. గారు వినాల్సింది’ అనుకుంటూ ఇంటికొచ్చాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

తెనాలి: తలూపేవాడు వినడు

తెనాలి స్టేషన్లో దిగీ దిగగానే సంచి జిప్పు ఊడిపోయింది. విచారణ కాగితం, చీరలు, దువ్వెన అన్నీ బయటికి తొంగిచూస్తుంటే చున్నీతో కట్టుకుని బజార్లోకి వచ్చాను. ఒక వీధిలో ఆరు మిషన్లు గడగడమంటున్న కుట్టు దుకాణం కనిపించింది. యజమాని మస్తాన్ గారికి అరవై దాటి ఉంటాయి. పనివాళ్ళతో ఉర్దూలో మాట్లాడుతూ, నావైపు తిరగ్గానే తెలుగులోకి వచ్చేశాడు.

“కూర్చోండమ్మా. అరగంట పట్టిద్ది. ఎనభై ఇవ్వండి చాలు.”

కూర్చున్నాను. స్కూలు యూనిఫాంలు కుడుతున్నారు. కత్తిరించిన గుడ్డ కట్టలు కట్టలుగా ఉంది. కొన్ని కట్టలకి మాత్రం గుండుసూదితో చిన్న చీటీ గుచ్చి ఉంది. ఒకదాని మీద ‘చేతులు పొట్టి’ అని, ఇంకోదాని మీద ‘నడుము వదులు’ అని రాసి ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

“మిగతా కొలతలు రాయరా?” అన్నాను. మేనేజర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

“అయ్యన్నీ గోడ మీద ఉన్నాయి కదమ్మా. ఆరో తరగతంటే ఇంత, ఏడో తరగతంటే ఇంత. అయి మారవు. మారిందే చీటీ మీద రాస్తా. అన్నీ రాశాననుకోండి, కుట్టేవాడు ఏదీ చూడడు. నేను చెప్తుంటే తలూపుతాడు.”

“తలూపితే విన్నట్టే కదండీ?”

ఆయన నవ్వాడు. “తలూపాడంటే విన్లేదని లెక్కమ్మా. విన్నోడైతే ఏదో ఒకటి అడుగుతాడు.”

నాకు ఆ మాట నచ్చింది. ఎంత నచ్చిందంటే, తర్వాతి మీటింగులో చెప్పడానికి పనికొస్తుందని ఫోన్‌లో రాసుకున్నాను. నాకు తగిలే మాట అని మాత్రం అప్పుడు తట్టలేదు.

జిప్పు పడ్డాక బెల్లం జిలేబీ తిన్నాను. మా కర్నూలులో జిలేబీ అంటే పంచదార పాకమే. ఇక్కడిది నల్లగా, వేడిగా, కాస్త బెల్లం ఘాటుతో ఉంటుంది. వందగ్రాములు అడిగితే కొట్టతను జాలిగా చూసి పావుకిలో కట్టాడు. తింటుంటే ఫోన్ మోగడం మొదలైంది. వేళ్ళన్నీ పాకం. ముట్టుకోవడానికి లేదు. పావుగంట నేను ఎవరికీ జవాబివ్వలేదు, ఏ కేంద్రమూ కూలిపోలేదు. చేతులు కడుక్కుని చూస్తే పంతొమ్మిది మెసేజీలు. అన్నిటికీ వరసగా బొటనవేలి గుర్తు పెట్టి, మా తెనాలి కేంద్రానికి ఆటో ఎక్కాను.

బాపట్ల: సబ్బు నురగలో ఒక నోటీసు

బాపట్లలో కేంద్రం పని మధ్యాహ్నానికే అయిపోయింది. సూర్యలంక వెళ్ళాను. సముద్రం ఎలా ఉందని ఇంటికొచ్చాక మా ఆయన అడిగితే చెప్పలేకపోయాను. తీరం వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిన మాట నిజమే, కానీ తల ఎత్తలేదు. ఫోన్‌లో మెసేజీలు పెడుతూ నడిచాను. వేయించిన చేపలు అమ్మే ఆవిడ, “అమ్మా, ఫోన్‌లో ఏం చూస్తారు, సముద్రం ఇటుంది” అని కేకేసింది. నవ్వి రెండు ముక్కలు కొన్నాను. ఉప్పూ కారం దట్టించి ఉన్నాయి, ఒక ముక్కకే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

రాత్రి లాడ్జిలో బస. ఆ గది గోడలు ఒక ముచ్చట. బట్టలు ఆరెయ్యరాదు, వంట చెయ్యరాదు, గట్టిగా మాట్లాడరాదు, విలువైన వస్తువులకు బాధ్యులం కాము, లైట్లు ఆర్పండి, ఫ్యాను ఆపండి, దుప్పటి మడతపెట్టండి. పెళ్ళికొచ్చిన పెద్దవాళ్ళందరూ ఒకేసారి సలహా ఇస్తున్నట్టు ఉంది. నేను ఒక్కటీ చదవలేదు.

పొద్దున్నే స్నానానికి వెళ్ళి, తల నుంచి కాళ్ళ దాకా సబ్బు రాసుకున్నాక నీళ్ళు ఆగిపోయాయి. కుళాయి ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. కళ్ళల్లో నురగ, బయటికి రాలేను, లోపల ఉండలేను. నా కేకలకి పనావిడ పరుగున బకెట్టు నీళ్ళు తెచ్చి తలుపు సందులోంచి అందించింది. ఆవిడ చల్లగా ఉండాలి.

తయారై కిందికి వెళ్ళి మేనేజర్ మీద విరుచుకుపడ్డాను. ఆయన ఏమీ చలించలేదు.

“మోటారు రిపేరండి. ఏడు తర్వాత నీళ్ళు రావని బోర్డు పెట్టామండి.”

“ఎక్కడ పెట్టారు?”

“మీ తలుపు మీదేనండి.”

పైకి వెళ్ళి చూస్తే నిజంగానే ఉంది. ‘గోడలపై మేకులు కొట్టరాదు’కీ ‘ధూమపానం నిషేధం’కీ మధ్యలో, అదే సైజు కాగితం మీద, అవే అక్షరాల్లో. మొత్తం లెక్కపెట్టాను. పద్దెనిమిది. మళ్ళీ కిందికి వెళ్ళి, “ఇన్ని అంటిస్తే ఎవరు చదువుతారండీ?” అన్నాను.

“పెట్టడం మా బాధ్యతండి, చదవడం మీ బాధ్యతండి” అన్నాడాయన. మా కర్నూలులో దెబ్బలాట దెబ్బలాటలాగే ఉంటుంది. ఇక్కడ చెంపదెబ్బకి కూడా చివర ‘అండి’ తగిలిస్తారు.

అయితే ఆ మాట నన్ను వదల్లేదు. టిఫిన్ దగ్గర కూర్చుని, నెయ్యీ కారప్పొడీ వేసిన ఇడ్లీ తుంచుతుండగా, అది నేను ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. వినలేదు, రాశాను. సంచిలో ఉన్న విచారణ కాగితంలో, మొదటి పేరాలో: ‘సమాచారం సకాలంలో పంపబడినది. చదువుకొనుట ఉద్యోగి బాధ్యత.’ ఇడ్లీ బాగుంది కానీ రెండోది దిగలేదు.

చెరుకుపల్లి దారిలో: గంట తాడు

రేపల్లె బస్సులో నా పక్కన కరుణమ్మ గారు కూర్చున్నారు. రిటైరైన టీచరు. లూథరన్ బడిలో ముప్ఫై ఏళ్ళు చెప్పారట. కూర్చోగానే సంచిలోంచి జామకాయ తీసి, చిన్న కత్తితో రెండు చేసి, సగం నా చేతిలో పెట్టారు. తీసుకుంటావా అని అడగలేదు. ఇక్కడ పక్క సీటు అంటే చుట్టరికమే.

చెరుకుపల్లి ముందు రోడ్డుకి రెండు పక్కలా నాట్లు వేస్తున్నారు. వంగిన నడుములు వరసగా వెనక్కి జరుగుతున్నాయి. నా ఫోన్ ఆగకుండా టింగుమంటోంది. నేను వింటూనే బొటనవేలు ఆడిస్తున్నాను.

“నీ గంట భలే మోగుతుందమ్మాయ్. మా చిన్నప్పుడు మా ఊళ్ళో చర్చి గంట రెండింటికే మోగేది. ఆదివారం ఆరాధనకి గబగబా కొట్టేవాళ్ళు. ఎవరన్నా పోతే ఒక్కో దెబ్బకీ ఆగి ఆగి కొట్టేవాళ్ళు. అది వినపడితే పొయ్యి మీద కూర వదిలేసి బయటికొచ్చేవాళ్ళం.”

“ఇంక దేనికీ కొట్టేవాళ్ళు కాదా?” అన్నాను, ఇంకో ‘ఓకే సార్’ పెడుతూ.

“ఒకేడు కొత్త సంఘపెద్ద వచ్చాడు. మీటింగుకో గంట, చందాలకో గంట, తోట పనికో గంట. రోజూ మోగించేవాడు. రెండు నెలలు తిరిగేసరికి ఏమైందో తెలుసా? మా పక్కింటి తాతయ్య పోయాడు. గంట కొట్టారు. ఒక్కరూ బయటికి రాలా. మళ్ళీ ఏదో మీటింగనుకున్నాం.”

ఆవిడ కత్తి తుడిచి సంచిలో పెట్టుకున్నారు.

“మా అమ్మ ఏం చేసిందో తెలుసా? చర్చికి వెళ్ళి గంట తాడు విప్పుకొచ్చి మా ఇంట్లో దాచింది. ఆదివారం ఇస్తా, చావుకి ఇస్తా, ఇంక దేనికీ ఇయ్యనంది. పెద్దమనిషి కోప్పడ్డాడు గానీ, తాడు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.”

నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు మధ్యలో కూడా ఫోన్ రెండుసార్లు మోగింది, రెండుసార్లూ ఓకే పెట్టాను. ఎవరికి పెట్టానో, దేనికి పెట్టానో ఆ క్షణంలో అడిగితే చెప్పలేను. కరుణమ్మ గారు రేపల్లెలో దిగి, “జాగ్రత్తమ్మాయ్” అని వెళ్ళిపోయారు.

రేపల్లె: పలక మీద ఒక్క వాక్యం

కేంద్రం రేపల్లెకి నాలుగు కిలోమీటర్లు. ఆటోలో వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. ఎస్తేరు క్యాన్లు కడిగి బోర్లిస్తోంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి చేతులు తుడుచుకుని, కుర్చీ వేసి, మజ్జిగ గ్లాసు తెచ్చింది. మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఉప్పు సరిగ్గా సరిపోయాయి. ఉద్యోగం తీసెయ్యడానికి వచ్చినావిడకి ఇచ్చే మజ్జిగలా లేదు.

తలుపు మీద ఒక పలక వేలాడుతోంది. దాని మీద సుద్దతో ‘ఆదివారం పాలు ఐదింటికే’ అని రాసి ఉంది.

“మిగతా రోజులు పొద్దున ఆరింటికండి. ఆదివారం చర్చికి వెళ్ళాలి కదండీ, అందుకని గంట ముందు” అంది.

“అందరూ గుర్తుపెట్టుకుని వస్తారా?”

“వస్తారండి. పలక మీద అదొక్కటే ఉంటది కదా. ఇంకోటి రాయాలంటే ఇది చెరిపేస్తానండి.”

“రెండూ ముఖ్యమైతే?”

“అప్పుడు పలకతో పని కాదండి. ఇంటింటికీ వెళ్ళి చెప్తా.”

రెండొందల స్లైడ్ల మనస్తత్వశాస్త్రం ఆ చిన్న పలక మీద సరిపోయింది. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియక గొంతు సవరించుకుని, కాగితం తీసి, ఆ రోజు ఏం జరిగిందని అడిగాను.

“తప్పు నాదే మేడమ్. ఓకే పెట్టాను.”

“చదివే పెట్టారా?”

ఆమె తల వంచుకుంది. “లేదండి. చేతులు పాలల్లో ఉన్నాయండి. వరసగా వస్తున్నాయి. పది నిమిషాలు దాటితే పేరు ఎర్రగా వచ్చిద్దని గబగబా అన్నిటికీ పెట్టేశా. తర్వాత చూద్దామనుకున్నా. ఇంట్లో నెలజీతం అనేది నాదొక్కటేనండి. మా అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. ఎర్రగా రాకూడదనే భయం ఒకటే ఉందండి నాకు.”

“నాలుగింటికి ఎక్కడున్నారు మరి?”

“తర్వాత చూస్తే ‘తప్పనిసరి’ అన్నదొక్కటే కంటపడిందండి. దాని మీదే వెళ్ళా” అంటూ ఫోన్ నా చేతికిచ్చింది. ఆ రోజు మెసేజీలు తెరిచాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా యాభై మూడు. అందులో ముప్ఫై ఒకటి నావే. శుభోదయం పువ్వులు, నెల లక్ష్యాల పట్టిక, దాణా కొత్త రకం బొమ్మ, ఎవరో ఉద్యోగి పుట్టినరోజు. వాటి మధ్యలో, గోడ మీద మేకులు కొట్టరాదు అన్నంత నింపాదిగా, ట్యాంకరు నాలుగింటికే వస్తుందన్న మెసేజ్. దాని కింద ఐదోది కూడా నాదే: ‘ప్రతి ఇన్‌చార్జీ సాయంత్రం ఐదులోగా పదిమంది రైతుల పశువుల పాకలకు వెళ్ళి ఫొటోలు పంపాలి. తప్పనిసరి.’ నాలుగూ ఐదు నిమిషాలకి ఆమె పంపిన పది ఫొటోలున్నాయి. వాటి కింద నేను పెట్టిన బొటనవేలి గుర్తు ఉంది.

ట్యాంకరు వచ్చి తాళం చూసి వెళ్ళినప్పుడు ఆమె నేను పంపిన పనిలోనే ఉంది. నేనే మెచ్చుకున్నాను కూడా.

ఫోన్ తిరిగి ఇవ్వబోతుండగా అది నా చేతిలోనే టింగుమంది. ఆఫీసు నుంచి ఎస్తేరుకి కాగితం. ఆమె తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. తలెత్తినప్పుడు ఆమె ముఖంలో ఏడుపు లేదు, నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

“తీసేశారండి. ప్రాంతీయ మేనేజర్ గారి సమ్మతితో అని ఉంది. మీరు ముందే ఓకే చెప్పి వచ్చారాండీ? మరి ఇయ్యన్నీ ఎందుకు అడిగారండీ?”

నేను చెప్పలేదన్నాను. చెప్పలేదని నిజంగానే అనుకున్నాను. నా ఫోన్ తీశాను. మధ్యాహ్నం పన్నెండుంబావుకి, అంటే బస్సులో చావుగంట కథ వింటున్నప్పుడు, జి.ఎం. గారి మెసేజ్ ఉంది: ‘రేపల్లె విషయం ఇక ఆలస్యం చేయలేం. ఆమెను తొలగిస్తున్నాం. మీకు అభ్యంతరముంటే రెండు గంటల్లోగా చెప్పండి.’ దాని కింద, ఒక్క నిమిషం తేడాలో, నా జవాబు: ‘ఓకే సార్.’

ఆమె ఎదుటే జి.ఎం. గారికి ఫోన్ చేశాను. బయటికి వెళ్ళి మాట్లాడితే మర్యాదగా ఉండేదేమో, కానీ ఆమె వినాలనిపించింది.

“సార్, ఎస్తేరు ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలి.”

“అదేంటమ్మా, మీరు ఓకే పెట్టారు కదా!”

“చదవకుండా పెట్టాను సార్.”

“చదవకుండానా? అంత పెద్ద విషయానికా?”

“అవునండి. ఎస్తేరు చేసిందీ అదే. ఆమె తప్పుకి పాలు విరిగిపోయాయి, నా తప్పుకి ఒక కుటుంబం వీధిన పడేది. ఉత్తర్వు పంపాలంటే రెండు పంపండి సార్, నాది ముందు.”

ఆయన గొంతు తగ్గింది. “సాయంత్రం దాకా ఆపుతాను. ఏం జరిగిందో రాసి పంపండి. ఒక్క పేజీ. ఎక్కువ రాస్తే నేనూ చదవను” అన్నారు.

పాత కాగితం చింపేసి, క్యాన్ల పక్కనే కూర్చుని కొత్తది రాశాను. ఫొటోల సంగతి రాశాను, ఎర్రక్షరాల రూలు ఎవరిదో రాశాను. రాస్తుండగా ఎస్తేరు ఖాళీ అయిన గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసి వెళ్ళి సాయంత్రం పాలకి క్యాన్లు వరసగా పెట్టుకుంది. నేను క్షమించమని అడిగాను. “మీకూ పైనుంచి అలాగే వస్తాయి కదండీ” అంది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

వేమూరు మీదుగా వెనక్కి

రేపల్లె స్టేషన్ బయట కొల్లూరు లంకల చక్కెరకేళీలు అమ్ముతున్నారు. డజను అరవై అన్నాడు, బేరం ఆడకుండా కొన్నాను. తెనాలి రైలు ఎక్కి, ఫోన్ నోరు నొక్కి సంచిలో పడేసి, మస్తాన్ గారు వేసిన జిప్పు లాగేశాను. మూడు రోజుల్లో మొదటిసారి కిటికీలోంచి తీరిగ్గా చూశాను. వేమూరు దగ్గర కాలవ రైలు పక్కనే కొంతదూరం వచ్చి, ఎండ తగిలి మెరిసి, పక్కకి తిరిగిపోయింది. కొంగలు గట్టు మీద బారుగా నిలబడి ఉన్నాయి. ఇలాంటివన్నీ వెళ్ళిన దారిలోనూ ఉండే ఉంటాయి.

తెనాలిలో దిగి ఫోన్ చూస్తే జి.ఎం. గారి మెసేజ్ వచ్చి ఉంది. నిలబడి పూర్తిగా చదివాను. ఎస్తేరు ఉత్తర్వు రద్దయింది. నన్ను సోమవారం వచ్చి కలవమన్నారు. కలిశాను, తినాల్సిన చీవాట్లు తిన్నాను. ఎర్రక్షరాలు తీసేస్తానంటే ఆయన సందేహించారు గానీ ఒక నెల చూద్దామన్నారు. ఇప్పుడు మా గ్రూపులో రోజుకి ఒక్కటే మెసేజ్, అదీ మారినదాని గురించే. పువ్వులూ పుట్టినరోజులూ వేరే గ్రూపుకి వెళ్ళాయి. చాలా ముఖ్యమైతే నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. పలకతో పని కాదు కదా.

అలా పెట్టిన మొదటి మెసేజ్ ఇది: ‘సోమవారం నుంచి ట్యాంకరు సాయంత్రమే కాక రోజూ పొద్దున ఏడింటికి కూడా వస్తుంది.’ జవాబివ్వాల్సిన పని లేదని అంతకుముందే చెప్పాను. అయినా పది నిమిషాల్లో ముప్ఫై ఎనిమిది ఓకేలు వచ్చిపడ్డాయి. నీరసం వచ్చింది. అలవాటు చావడానికి టైము పడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, టీ పెట్టుకుందామని లేచాను.

అరగంట తర్వాత రేపల్లె నుంచి ఒకటి వచ్చింది.

‘మేడమ్, ఆదివారం కూడా ఏడింటికేనాండీ? ఆ రోజు మావి ఆరింటికల్లా రెడీగా ఉంటాయి. ఏడింటికి నేను చర్చిలో ఉంటాను.’

ఆదివారం సంగతి నేను ఆలోచించనే లేదు. బొటనవేలు తనంతట తానే ఓకే మీదికి వెళ్ళింది. దాన్ని ఆపి, ఎస్తేరుకి ఫోన్ చేశాను.